సాదుకునుడు వేరు, దత్తత వేరు

(మండల కేంద్రంలో జరిగిన మహిళల, కార్యకర్తల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేం విదేశీ దత్తత గురించి మాట్లాడతామంటే నిన్న కమిటీలోనే ఒక తమ్ముడు నవ్వాడు. "సారూ, మనోళ్ళకు రేషన్ కార్డే దిక్కు లేదు, ఫారిన్ ముచ్చట ఎందుకు?" అన్నాడు. ఎందుకో చెప్తాం. ఫారిన్ మన దగ్గరికి రాదనుకుంటున్నాం గాని, అది మన గుడిసె ముందుకే వస్తుంది. దొర ఇంటి ముందుకు రాదు. దత్తత పేరుతో సముద్రం దాటే బిడ్డ ఎవరి బిడ్డ? పేదోళ్ళ బిడ్డ. మన బిడ్డ, తండా బిడ్డ, భర్త విడిచిపోయిన తల్లి బిడ్డ.

ఈ నల్లగొండ నేల మీద నిలబడి ఇది కొత్తగా చెప్పవలసిన పని లేదు. 1999లో, మళ్ళీ 2001లో తండాల నుంచి లంబాడా ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు తీసుకుపోయి, దత్తత సంస్థల ద్వారా విదేశాలకు పంపిస్తున్న వ్యవహారం బయటపడ్డది. తల్లిదండ్రులు బిడ్డలను అప్పగించే పద్ధతినే 2001లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించవలసి వచ్చింది. ఆ పిల్లలు చంటిబిడ్డలు, ఏమీ ఎరుగరు. ఇవాళ మేం చెప్పేది ఇంకో రకం పిల్లల సంగతి. ఆరేళ్ళు, ఎనిమిదేళ్ళు, పదేళ్ళు వచ్చినవాళ్ళు. తన పేరేదో, తన ఊరేదో, నాయనమ్మ చేతి ముద్ద ఎట్లుంటదో ఎరిగిన పిల్లలు. వాళ్ళను దేశం దాటించడం మొలకను పీకి నాటినట్టు కాదు, కాపుకొచ్చిన చెట్టును వేళ్ళతో పెకిలించినట్టు.

మా బడిలో జరిగిన సంగతితో మొదలుపెడతాం. పేర్లు చెప్పం.

అయిదో తరగతి చదివే ఒక ఆడపిల్ల, దాని వెనుక రెండో తరగతి తమ్ముడు. తల్లి చనిపోయింది. తండ్రి భివండికి పనికి పోయి రెండేళ్ళయినా రాలేదు. నాయనమ్మ కూలికి పోయి సాదుతున్నది. మోకాళ్ళ నొప్పులు. అప్పుడు మనోడే ఒకతను, మంచి మనసుతోనే అన్నాడనుకుందాం, "అవ్వా, ఫారిన్ వాళ్ళు పిల్లలను సాదుకుంటరంట. మంచిగ చదివిస్తరు, పెద్దగయినంక నిన్ను చూసుకుంటరు" అన్నాడు. పిల్లలిద్దరినీ ఒక హోంలో చేర్చారు. అవ్వ ఏవో కాగితాల మీద వేలిముద్రలు వేసింది. ఆమెకు తెలిసిన లోకంలో అది హాస్టల్. మన పిల్లలంతా హాస్టళ్ళలోనే గదా పెరిగింది, మేం కూడా అక్కడి పురుగుల అన్నం తినే నాలుగక్షరాలు నేర్చుకున్నాం.

దసరా సెలవులొచ్చాయి. అందరి పిల్లలూ హాస్టళ్ళ నుంచి ఇండ్లకొస్తుంటే అవ్వ కూడా సద్దిమూట కట్టుకుని మనుమలను తీసుకురావడానికి పోయింది. "వాళ్ళు రారమ్మా, నువ్వు వాళ్ళను అప్పగించినవు, ఇగ నీ పిల్లలు కారు" అన్నారట. ఆమె గేటు దగ్గర పొద్దుగూకేదాకా కూర్చుని, మరునాడు మా ఇంటికొచ్చింది. "సారూ, నేను సాదుకొమ్మన్న గాని ఇచ్చేయలే" అన్నది.

ఈ ఒక్క మాట పట్టుకోండి. సాదుకునుడు వేరు, దత్తత వేరు. మన ఇండ్లలో అక్క బిడ్డను చెల్లె సాదుకుంటది, మేనమామ దగ్గర మేనల్లుడు పెరుగుతాడు. పెళ్ళికీ చావుకీ అటూ ఇటూ రాకపోకలుంటాయి. బిడ్డకు ఇద్దరు తల్లులవుతారు, ఉన్న తల్లి పోదు. చట్టపు దత్తత అట్లా కాదు. మన దేశంలో 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, దత్తత ఉత్తర్వు వచ్చిన తేదీ నుంచి కన్నవాళ్ళతో బంధాలన్నీ తెగిపోతాయి. పెంచుకున్నవాళ్ళే తల్లిదండ్రులు. అమెరికాలో అయినా స్పెయిన్ లో అయినా పూర్తి దత్తత అంటే అర్థం అదే.

ఈ పొరపాటు మన అవ్వ ఒక్కతే చేసింది కాదు. ఆఫ్రికాలో ఇథియోపియా అని ఒక దేశమున్నది. అక్కడ ఒరోమో ప్రజల్లో గుడ్డిఫచా అనే ఆచారం ఉన్నది. బిడ్డను వేరే ఇంట్లో పెంచుతారు గాని, కన్నవాళ్ళెవరో బిడ్డకు తెలుసు, పోతారు, వస్తారు. అచ్చం మన పెంపకం లాగానే. 2000 తర్వాత అమెరికా, యూరప్ నుంచి సంస్థలు అక్కడికి వరదలా వచ్చాయి. 2010లో ఒక్క అమెరికాకే దాదాపు రెండున్నర వేల మంది పిల్లలు పోయారు. వాళ్ళలో చాలామందికి తల్లో తండ్రో, ఇద్దరో బతికే ఉన్నారు. బిడ్డ చదువుకుని తిరిగొస్తాడు, ఉత్తరం రాస్తాడు, డబ్బు పంపుతాడు అనుకుని ఎందరో అప్పగించారు. అటు దత్తత తీసుకున్నవాళ్ళకేమో "అనాథ" అని కాగితం వచ్చింది. పిల్లవాడికి ఇంగ్లీషు మాటలు నోటికొచ్చి, "మా అమ్మ ఉన్నది" అని చెప్పేదాకా చాలామందికి అసలు సంగతి తెలియదు. చంటిబిడ్డయితే ఆ మాట కూడా చెప్పలేదు. పెద్ద పిల్లవాడు చెప్పాడు గనుకనే చాలా మోసాలు బయటికొచ్చాయి. ఇథియోపియా ప్రభుత్వం 2018 జనవరిలో విదేశీ దత్తతనే పూర్తిగా నిషేధించింది.

కాగితం మాట వచ్చింది గనుక మా తప్పు కూడా ఒప్పుకుంటాం. అవ్వ మనుమరాలి ఫైలులో పుట్టిన తేదీ జూన్ 1 అని ఉన్నది. ఎక్కడిది ఆ తేదీ? మా బడి రిజిస్టరుది. మన వాడ పిల్లల్లో సగం మంది జూన్ 1నే ఎట్లా పుట్టారు? మేం రాశాం గనుక పుట్టారు! మా తేదీ కూడా ఆనాటి పంతులు మా ముఖం చూసి రాసిందే. ఈ అలవాటును మనం నవ్వుతూ చెప్పుకుంటాం. కాని వినండి. ఇథియోపియా నుంచి 2008లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి దత్తత పోయిన ఒక ఆడపిల్ల, 2011 మే నెలలో పెంచినవాళ్ళ ఇంటి పెరట్లోనే చనిపోయింది. తిండి పెట్టక మాడ్చారు, చలిలో బయట ఉంచారు. 2013లో ఆ భార్యాభర్తలకు శిక్షలు పడ్డాయి. అయితే నేరం ఎంత పెద్దదో తేల్చాలంటే పిల్ల పదహారేళ్ళ లోపుదని రుజువు కావాలి. పుట్టిన తేదీ కాగితాన్ని నమ్మే దిక్కు లేదు. వయసు కోసం ఆ బిడ్డ సమాధి తవ్వి శవాన్ని బయటికి తీశారు. అది చదివిన రోజు నుంచి మేం రిజిస్టరులో జూన్ 1 రాయడం మానేశాం. అంగన్‌వాడీ చెల్లెలిని అడిగి, మంత్రసానిని అడిగి, ఏ పండుగకు ముందో వెనుకో కనుక్కుని రాస్తున్నాం.

అంటే పెంచుకునే తెల్లవాళ్ళంతా రాక్షసులా? కాదు. అట్లా అంటే అబద్ధమవుతుంది. ఎవరూ లేని పిల్లను కడుపులో పెట్టుకుని చూసినవాళ్ళు ఎందరో ఉన్నారు. మరి మన దేశం సంగతేమిటి? దత్తతకు వచ్చే మన దంపతులు ఎక్కువమంది అడిగేదేమిటి? రెండేళ్ళ లోపు పిల్ల కావాలి. ఆరోగ్యంగా ఉండాలి. తెల్లగా ఉంటే మేలు. ఇంకా గొంతు తగ్గించి, "ఏ కులపు పిల్లో తెలుస్తుందా?" ఎనిమిదేళ్ళ నల్ల పిల్ల, కాలు వంకర పిల్లవాడు, విడదీయరాని అన్నాచెల్లెళ్ళు హోంలోనే ఉండిపోతారు. చట్టం కూడా ఈ సంగతి ఎరుగును. స్వేచ్ఛగా దత్తతకు ఇవ్వవచ్చునని ప్రకటించిన 60 రోజుల్లో దేశంలో ఎవరూ ముందుకు రాకుంటేనే విదేశాలకు. అందులోనూ అంగవైకల్యం ఉన్నవాళ్ళకు, తోబుట్టువులకు, అయిదేళ్ళు దాటినవాళ్ళకు ప్రాధాన్యం ఇవ్వవచ్చునని రాసుకున్నారు. ఈ దేశపు ఇండ్లు వద్దన్న పిల్లలకు విదేశమే దిక్కన్నమాట! వీళ్ళలో నిజంగా ఎవరూ లేనివాళ్ళకు అక్కడ ఒక ఇల్లు దొరికితే మేం అడ్డం పడం. మాలో కూడా హోం నుంచి ఆరేళ్ళ పిల్లను తెచ్చుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. మైకు ముందు మాట్లాడడం తేలిక.

కాని పోయిన తర్వాత ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. పెద్ద పిల్ల తన భాషతో పోతుంది, అది అక్కడ ఎవరికీ రాదు. కొన్ని నెలల్లో తన భాషే మరిచిపోతుంది. తల్లి చావు, ఆకలి, దెబ్బలు అన్నీ లోపల ఉంటాయి. రాత్రుళ్ళు ఏడుస్తది, అన్నం దాచుకుంటది. ఇవి తెలిసి ఓపిక పట్టేవాళ్ళు కావాలి. ఓపిక లేనివాళ్ళూ ఉన్నారు. 2010లో అమెరికాలోని టెన్నెసీలో ఒక కుటుంబం, రష్యా నుంచి తెచ్చుకున్న ఏడేళ్ళ పిల్లవాడిని, తెచ్చి ఏడాది కూడా నిండకుండానే, ఒక చీటీ ఇచ్చి ఒంటరిగా మాస్కో విమానం ఎక్కించింది. అంగట్లో కొన్న చెప్పులు కరిచాయని వాపసు చేసినట్టు.

మన దేశపు బిడ్డ సంగతి ఇంకా ఘోరం. 1989లో ముంబై నుంచి ఒక ఆడపిల్ల అమెరికాకు దత్తత పోయింది. అప్పటికి దానికి ఏడెనిమిదేళ్ళు. అక్కడ ఇల్లు నిలవలేదు, ఒకరి నుంచి ఒకరికి ఎన్నో ఇండ్లు మారింది. తెచ్చుకున్నవాళ్ళు పౌరసత్వం కాగితాలు పూర్తి చేయలేదు. పెద్దయి, పెళ్ళయి, ఇద్దరు పిల్లల తల్లయింది. ఒక కేసులో శిక్ష పడ్డాక, నువ్వు అమెరికా మనిషివి కావని 2008లో తిప్పి ముంబైకి పంపారు. భర్త, పిల్లలు అక్కడ. ఇక్కడ ఒక్క మనిషి తెలియదు, భాష రాదు. దత్తత పిల్లలకు తమంతట తామే పౌరసత్వం వచ్చే చట్టం అమెరికాలో 2001 ఫిబ్రవరిలో అమలయింది గాని, అప్పటికే 18 ఏళ్ళు నిండినవాళ్ళను అది వదిలేసింది. ఎనిమిదేళ్ళ పిల్లను పంపినప్పుడు ఏ ఆఫీసులో ఎవరి సంతకం మిగిలిపోయిందో, ఇరవై ఏళ్ళ తర్వాత ఆమె మెడకు చుట్టుకుంది.

ఇప్పుడు అవ్వ సంగతికి వస్తాం. మేం నలుగురం ఆమెను వెంటబెట్టుకుని జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు పోయాం. ఆ కాగితాలను మాకు చదివి వినిపించారు. "తండ్రి మరణించెను" అని ఉన్నది! భివండిలో తానులు మోస్తున్న మనిషిని కాగితంలో చంపేశారు. పక్కింటాయన సెల్లులో నంబరుంటే అక్కడికక్కడే ఫోన్ చేసి మాట్లాడించాం. అతను ఏడ్చాడు, తాగి ఉన్నాడు కూడా, దాచేదేమున్నది. బిడ్డను అప్పగించిన తర్వాత మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంటుందని చట్టం. ఆ రోజు 41వ రోజు. ఇంకో మూడు వారాలు అవ్వ ఆలస్యం చేసి ఉంటే మాకు మాట్లాడే చోటు కూడా ఉండేది కాదేమో. దసరా త్వరగా వచ్చింది, అంతే.

పిల్లను అడిగారు. అడగాలని చట్టమే అంటున్నది. పిల్ల వయసును, తెలివిని బట్టి దాని ఇష్టం తెలుసుకోవాలని మన చట్టంలో ఉన్నది, 1993 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్నది. ఆ ఒప్పందాన్ని మన దేశం 2003లో ఆమోదించింది. కాని అప్పటిదాకా ఆ పిల్లను అడిగినవాడు లేడు. అది ఏమన్నదంటే, "నేనూ తమ్ముడూ ఒక్క ఇంటికే పోతమా? నాయనమ్మకు నీళ్ళు ఎవరు తెస్తరు?" ఈ రెండు ప్రశ్నలకు అక్కడున్న పెద్దలెవరి దగ్గరా జవాబు లేదు.

పిల్లలు ఇంటికొచ్చారు. అట్లని కథ సుఖాంతం కాలేదు. పేదరికం వల్లనే గదా అవ్వ వేలిముద్ర వేసింది? ఆ పేదరికం అట్లాగే ఉన్నది. మిషన్ వాత్సల్య కింద, తల్లో తండ్రో లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు నెలకు 4000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉన్నది. ఊళ్ళలో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. ఈ సంగతి మన వాడలో ఎంతమందికి తెలుసు? బిడ్డను విమానం ఎక్కించే దారి అవ్వకు చెప్పడానికి మనిషి దొరికాడు, బిడ్డను ఇంట్లో ఉంచుకునే దారి చెప్పేవాడు దొరకలేదు. దరఖాస్తు పెట్టి డబ్బు పడేసరికి మాకు ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ వాడ మీద చందాలతో బియ్యం పోశాం.

మొన్న ఆ పిల్ల మమ్మల్ని అడిగింది: "సారూ, నేను పోయుంటే ఇప్పటికి ఇంగ్లీషు మాట్లాడేదాన్ని గదా?" మాట్లాడేదానివే బిడ్డా అన్నాం. ఇంకేం చెప్పాలో తోచలేదు. ఆ సాయంత్రం నుంచి దానికి, ఇంకో ఆరుగురికి మా ఇంటి అరుగు మీద ఇంగ్లీషు చెబుతున్నాం. మా ఇంగ్లీషు ఎంతటిదో మీకు తెలుసు.

ఇక పని మాట. తల్లీ తండ్రీ లేని పిల్లలు, ఒక్కరే ఉన్న పిల్లలు మీ మీ వాడల్లో, తండాల్లో ఎందరున్నారో రాసుకుని రండి. ఆధార్, మరణ ధృవీకరణ, ఆదాయ ధృవీకరణ, బ్యాంకు పుస్తకం ఉంటే తెండి. లేకపోయినా రండి, అవి ఎట్లా తేవాలో కూర్చుని చూద్దాం. దత్తత ఉత్తర్వు ఇప్పుడు కలెక్టరు ఇస్తాడు. సంక్షేమ సమితి, కలెక్టరు లేకుండా ఇంటి గడపలో వేలిముద్ర అడిగినవాడు ఎవడైనా సరే, మనోడైనా సరే, ముందు 1098కి ఫోన్ చేయండి, తర్వాత మాకు చెప్పండి. ఆదివారం పొద్దున బడి దగ్గరే ఉంటాం. అవ్వ కూడా వస్తానన్నది. ఆమె చెబితే మా కన్నా బాగా అర్థమవుతుంది.

జై భీమ్.