గుండుగొలను నుంచి ఢిల్లీ దాకా
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వాళ్లు నాకిచ్చిన విషయం “రాజ్యాంగ నిర్మాతలు, బలమైన కేంద్రం”. ముందు అరగంట అన్నారు, భోజనాలు చల్లారిపోతాయని ఇరవై నిమిషాలు చేశారు. అందుకని అందరి జోలికీ పోను. ఒక్కరి గురించే చెబుతాను. భీమడోలు పక్కన గుండుగొలనులో 1880 నవంబరు 24న పుట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి గురించి. రాజ్యాంగ సభలో మద్రాసు రాష్ట్రం తరఫున కూర్చున్న మన జిల్లావాడు.

మన జిల్లా అనే మాట 2022 నుంచే చెల్లుతుంది. అంతవరకూ ముదినేపల్లి కృష్ణా జిల్లా, గుండుగొలను పశ్చిమ గోదావరి. ఆయన పుట్టినప్పుడేమో ఆ ఊరు గోదావరి జిల్లా. 1904లో కృష్ణాలో కలిసింది, 1925లో పశ్చిమ గోదావరి అయింది, ఇప్పుడు ఏలూరు జిల్లా. ఊరు కదల్లేదు, గీతలే కదిలాయి. ఆ గీతలు గీసేవాడు ఎక్కడ కూర్చుని గీస్తాడు, ఎవరిని అడిగి గీస్తాడు అన్నదే పట్టాభి గారి జీవితమంతా నడిచిన గొడవ.

పిల్లల పుస్తకాల్లో ఆయనకు మిగిలింది ఒక్క ముక్కే. 1939 కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాస్ బోసుకు 1580 ఓట్లు, పట్టాభి గారికి 1377. ఆయన ఓటమి తన ఓటమేనని గాంధీ గారు అన్నారు. అంతటితో కథ అయిపోయిందనుకుంటారు. నా లెక్కలో అసలు కథ దానికి ముందూ వెనకా ఉంది.

ఆయన వైద్యుడు. మద్రాసులో చదువుకుని బందరులో ప్రాక్టీసు పెట్టారు. 1910లో కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారితో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల నిలబెట్టారు. 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకు తెరిచారు, చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ. ఈ వరస గమనించండి. చదువు మన దగ్గర, అప్పు మన దగ్గర, బీమా మన దగ్గర. డెల్టా రైతు పంట డబ్బు మద్రాసు వెళ్లి, అక్కడి షరతులు మోసుకుని తిరిగి రానక్కర్లేదన్నది ఆయన పట్టు. ఆంధ్ర రాష్ట్రం కావాలన్న వాదానికి వేరు ఇక్కడుంది. భాషాభిమానం ఒక్కటే కాదు.

1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన నాటి నుంచి ఆయన ఈ వాదానికి గొంతు. 1917లో ఆంధ్రకు విడిగా కాంగ్రెస్ సంఘం కావాలని పట్టుబట్టినప్పుడు గాంధీ గారు సంస్కరణలు వచ్చేదాకా ఆగుదామన్నారు, అనీబిసెంటమ్మ గట్టిగా వద్దన్నారు, తిలక్ సరేనన్నారు. చివరికి సంఘం వచ్చింది. 1920లో నాగపూరులో కాంగ్రెస్ దేశమంతటికీ అదే పద్ధతి పెట్టుకుంది. బ్రిటిషు వాళ్ల పటం ఒకటి, కాంగ్రెస్ పటం ఇంకొకటి. ఆ రెండో పటం గీయించిన వాళ్లలో బందరు డాక్టరు గారు ముందు వరసలో ఉన్నారు. 1937 నవంబరులో మద్రాసులో నాగేశ్వరరావు పంతులు గారి శ్రీబాగ్ ఇంట్లో కోస్తా, రాయలసీమ పెద్దలు చేసుకున్న ఒప్పందంలోనూ ఆయన ఉన్నారు.

ఇంతవరకూ చూస్తే ఈయన కేంద్రానికి ఎదురు నిలిచే మనిషి అనిపిస్తుంది. కానీ అదే కాలంలో ఆయన మరో పని నెత్తినేసుకున్నారు. స్వదేశీ సంస్థానాల ప్రజల మహాసభకు నాయకత్వం వహించారు. దేశంలో ఐదు వందల పైచిలుకు సంస్థానాలుండేవి. చాలాచోట్ల జనానికి ఓటు లేదు, పన్నుకు లెక్క చెప్పేవాడు లేడు. వాళ్లను రాజు బారినుంచి తప్పించాలంటే పైన ఒక గట్టి ప్రజాప్రభుత్వం ఉండాలి. అంటే మద్రాసు ప్రెసిడెన్సీ మీద పోట్లాడటానికి ఆయనకు రాష్ట్రం కావాలి, నవాబుల మీద పోట్లాడటానికి కేంద్రం కావాలి. ఈ రెండూ మొదటి నుంచీ ఆయనలో పక్కపక్కనే ఉన్నాయి. తర్వాత రోజుల్లో “మాట మార్చాడు” అన్నవాళ్లు ఈ రెండో సగం చూడలేదు.

గాలి మాత్రం మారింది. 1946లో కేబినెట్ మిషన్ చెప్పిన పద్ధతిలో కేంద్రానికి రక్షణ, విదేశాంగం, రవాణా సమాచార శాఖలు తప్ప పెద్దగా ఏమీ లేవు. డిసెంబరులో నెహ్రూ గారు ప్రవేశపెట్టిన తీర్మానంలోనూ మిగులు అధికారాలు రాష్ట్రాలవే. అప్పుడు లేచి, నాకు 1935 చట్టం కన్నా బలమైన కేంద్రం కావాలి అని కుండబద్దలు కొట్టినవారు అంబేద్కర్. 1947 జూన్ 3న విభజన ఖాయమైంది. నెల తిరిగేసరికి జూలై మొదటి వారంలో కేంద్రాధికారాల కమిటీ రెండో నివేదిక వచ్చింది. బలహీన కేంద్రం దేశానికి చేటని అందులో రాశారు, మిగులు అధికారాలు ఢిల్లీకి మారాయి. లీగును కలుపుకుపోవడానికి సన్నబరిచిన కేంద్రాన్ని, ఇక ఆ అవసరం లేదని లావు చేశారు. నెల రోజుల్లో!

ఆ గాలిలో కూడా పట్టాభి గారు పూర్తిగా కొట్టుకుపోలేదు. అదే ఏడాది ఢిల్లీ, అజ్మీరు, కూర్గు లాంటి చీఫ్ కమిషనర్ ప్రాంతాల మీద వేసిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. ఢిల్లీ వాళ్లకూ శాసనసభ ఉండాలి, మంత్రులుండాలి అని అక్టోబరులో రాసిచ్చారు. రాజధానిలో కేంద్రానికి పోటీగా ఇంకో ప్రభుత్వమేమిటని పక్కన పెట్టేశారు. ఆ తగవు ఇవాళ్టికీ టీవీల్లో చూస్తూనే ఉన్నాం.

ఇక 1948 డిసెంబరు. జైపూరు కాంగ్రెస్‌కు ఆయన అధ్యక్షుడు. అంతకు మూడు నెలల ముందే, సెప్టెంబరు 13 నుంచి 17 దాకా, భారత సైన్యం షోలాపూరు వైపు నుంచీ మన బెజవాడ వైపు నుంచీ హైదరాబాదులోకి వెళ్లింది. నిజాం లొంగిపోయాడు. సంస్థానాల జనం కోసం పన్నెండేళ్లు తిరిగిన మనిషికి బలమైన కేంద్రం అంటే ఏమిటో కళ్లెదుట కనబడింది. అదే డిసెంబరులో దార్ కమిషన్ భాషా రాష్ట్రాలు వద్దని నివేదిక ఇచ్చింది. తెలుగువాళ్లు భగ్గుమన్నారు. దాన్ని మళ్లీ చూడమని కాంగ్రెస్ ముగ్గుర్ని వేసింది. జవహర్‌లాల్, వల్లభభాయి, పట్టాభి. మొదటి అక్షరాలు కలిపి జె.వి.పి. కమిటీ. ఈ ముగ్గురూ 1942 నుంచి ఇంచుమించు మూడేళ్లు అహ్మద్‌నగర్ కోటలో కలిసి జైలు అనుభవించినవాళ్లే.

1949 ఏప్రిల్‌లో నివేదిక వచ్చింది. దేశ భద్రత, ఐక్యత ముందు, భాష తర్వాత అన్నారు. కొత్త రాష్ట్రాలు కొన్నేళ్లు ఆగాలన్నారు. ముప్పై ఆరేళ్లుగా భాషా రాష్ట్రం అడిగిన మనిషి దాని కింద సంతకం పెట్టారు. అందులోనే ఒక మినహాయింపు ఉంది. మొదలుపెట్టాలంటే ఆంధ్రతో మొదలుపెట్టొచ్చు, అయితే మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలి అని. ఆ మినహాయింపు వెనక ముగ్గురిలో ఉన్న ఒకే ఒక్క తెలుగువాడి చెయ్యి లేదంటే నేను నమ్మలేను. ప్రకాశం గారు, మరెందరో మద్రాసు మనదేనన్నారు. ఆ తగవు తెగక, 1950 జనవరి 26కి ఆంధ్ర వస్తుందన్న ఆశ అలాగే ఆరిపోయింది.

పట్టాభి గారిని నేను ద్రోహి అనను. ఆయన ఆలోచనలో మారింది రాష్ట్రం గురించిన మాట కాదు, కేంద్రం ఎవరిది అన్న లెక్క. తెల్లవాడి కేంద్రం దగ్గర గుంజుకోవాలి, మన వాళ్ల కేంద్రం అడిగితే ఇస్తుంది, కాస్త ఆగితే తప్పేమిటి అనుకున్నారు. జైల్లో ఒకే కంచం పొత్తున్న మిత్రుల మీద పెట్టుకున్న నమ్మకం అది. నా అభిప్రాయంలో అక్కడే లెక్క తప్పింది. మిత్రుడు కుర్చీలో ఉన్నంత మాత్రాన కుర్చీ మిత్రుడైపోదు. ఆగమన్నవాళ్లు ఎన్నాళ్లో చెప్పలేదు. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న నిరాహార దీక్షకు కూర్చున్నారు. యాభై ఎనిమిది రోజుల తర్వాత, డిసెంబరు 15 రాత్రి పోయారు. నాలుగో రోజున, 19న, నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. మద్రాసు లేకుండానే. అంటే 1949లో రాసిన షరతుతోనే. మధ్యలో ఒక మనిషి ప్రాణం ఎందుకు పోవాలి?

1953 అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్ర రాష్ట్రం మొదలైనప్పుడు పట్టాభి గారు అక్కడ అధికారంలో లేరు. నాగపూరులో, మధ్యప్రదేశ్ గవర్నరుగా ఉన్నారు. గవర్నరంటే రాష్ట్రంలో కేంద్రం మనిషే కదా. చిత్రమేమిటంటే, హిందీ, మరాఠీ రెండూ మాట్లాడే ఆ రాష్ట్రం ఆయన గవర్నరుగా ఉండగానే 1956 నవంబరులో భాష లెక్కన విడిపోయింది. మరాఠీ జిల్లాలు బొంబాయికి వెళ్లాయి, నాగపూరుతో సహా. 1917లో కాంగ్రెస్‌తో పోట్లాడి గీయించిన పటం చట్టమై ఆయన ఇంటి గుమ్మం దాకా వచ్చింది. 1959 డిసెంబరు 17న ఆయన కన్నుమూశారు.

ఆయన బందరులో పెట్టిన సంస్థలూ ఢిల్లీ దారే పట్టాయి. బీమా కంపెనీ 1956లో ఎల్.ఐ.సి.లో కలిసింది. బ్యాంకు 1980లో జాతీయమైంది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసి పేరే పోయింది. మా తరానికి జీతమైనా పంట రుణమైనా ఆ పేరు మీదే నడిచింది. బోర్డు మార్చిన రోజున ఎవరూ మనల్ని అడగలేదు. అయితే జాతీయమయ్యాక అదే బ్యాంకు చిన్న రైతుకు తలుపు తీసిందన్నదీ నిజమే.

ఇంకో సంగతి మన గడప దగ్గరిది. అడవులు, వన్యప్రాణులు, ఇదిగో మన బడి చదువు కూడా 1976లో ఎమర్జెన్సీలో 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వెళ్లాయి. కొల్లేరును 1999లో ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం చేసింది మన రాష్ట్రమే. 2006లో చెరువుల గట్లు పేల్చారు. మూడో కాంటూరుకు తగ్గించమని 2008లో మన శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తీర్మానం ఢిల్లీ గడప దాటలేదు. జాతీయ వన్యప్రాణి బోర్డు, సుప్రీంకోర్టు ఒప్పుకోనిదే హద్దు కదలదు. కైకలూరు, మండవల్లి మిత్రులు ఇక్కడ కూర్చున్నారు, ఎవరి బాధేమిటో నాకు తెలుసు. ఢిల్లీ చెయ్యి లేకపోతే ఈపాటికి కొల్లేరు మొత్తం గట్లేనని కూడా నాకు తెలుసు. పట్టాభి గారుంటే ఎటు సంతకం పెట్టేవారో భోజనాల దగ్గర తేల్చుకోండి.

ఆయన రాసిన కాంగ్రెస్ చరిత్ర రెండు సంపుటాలు, 1935 నాటిదీ 1947 నాటిదీ, నా దగ్గరున్నాయి. ఇవాళ బడి గ్రంథాలయానికి ఇస్తున్నాను. మొదటి దానికి అట్ట ఊడింది, కుట్టించుకోవాలి. సెలవు.