కొండమీది ఊరు, అక్కడి నేల
(చోడవరంలో సంఘసభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



చోడవరం నుండి వడ్డాది మీదుగా మాడుగుల వరకు మనకు తెలిసిన నేలే. చెరకు, వరి, కొబ్బరి. మాడుగుల దాటిన తరువాత కొండలు ఎదురగును, ఘాట్ రోడ్డు పాడేరుకు ఎక్కును. ఆ దారిన ఎన్నడును పోనివారి యింట కూడ కొండ పసుపు, చింతపండు, అడ్డాకుల విస్తరి, కొండచీపురు ఉండును. మాడుగుల అనగానే మనకు హల్వా జ్ఞాపకము వచ్చును గాని, దానికి ఎగువనున్న ఊళ్లు జ్ఞాపకము రావు. ఆ ఊళ్ల నేలను గూర్చి ఈ పూట మాట్లాడవలెనని మాకు తోచినది.

కొండమీది ఊరు చిన్నది. వరుసగా కట్టిన మట్టియిండ్లు, ముందు అరుగు, నడుమ కళ్లము. భగతలు, కొండదొరలు, వాల్మీకులు, ఖోందులు, పోర్జలు, గదబలు మొదలైనవారు ఆ ప్రాంతపు రైతులు. వారి నేల ఒక్క తీరుది కాదు. గెడ్డ ప్రక్కన రాళ్లు పేర్చి, గట్లు కట్టి, మెట్లు మెట్లుగా దిగుచున్న వరిమళ్లు ఒకటి. ఊరి చుట్టునున్న మెట్ట ఒకటి. ఆ పైన కొండవాలు మీది పోడు.

పోడు అనగానే అడవిని తగులబెట్టుట అని క్రిందివారము తేలికగా అందుము. సంగతి అంత తేలికైనది కాదు. వేసవిలో పొదలు నరికి, ఎండినపిమ్మట కాల్చి, ఆ బూడిదే ఎరువుగా, తొలకరికి చోళ్లు, సామలు, కొర్రలు, జొన్న, కంది కలిపి చల్లుదురు. ఒకటి చెడినను మరియొకటి నిలుచునని ఆ కలుపుట. వలిసెలు, రాజ్మా కూడ పండించుదురు. కొన్ని ఏండ్లు పండించి కొండను విడిచిపెట్టినయెడల అడవి మరల లేచును. పూర్వము అట్లు విడిచిపెట్టిన కాలము దీర్ఘముగా నుండెడిది. జనము పెరిగి, అడవి రిజర్వు అయి, తిరుగుటకు చోటు తగ్గినందున ఆ కాలము కురుచయైనది, నేల బలము తగ్గినది. తప్పు పోడుదా, చోటు లేకపోవుటదా అని మనము నిదానముగా ఆలోచింపవలెను.

అక్కడి హక్కు కాగితము మీదిది కాదు. పనసచెట్టు ఒకరిది, దాని ప్రక్కనున్న చింతచెట్టు వేరొకరిది, జీలుగుచెట్టు ఇంకొకరిది. తండ్రి నుండి కొడుకునకు వచ్చును, అన్నదమ్ములు పంచుకొందురు. పట్టా యేదని అడిగినయెడల ముసలివారు చెప్పు మాట ఒకటే: “పట్టా ఏటి బాబూ, ఈ చెట్టు మా తాత ఏసినాడు. ఊరందరికీ తెలుసు.” ఊరందరికి తెలిసినది కచేరీకి తెలియదు. చిక్కంతయు అక్కడనే ఉన్నది.

1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చెను. తాతలనాటి కొండ సర్కారు రిజర్వు అయ్యెను. కట్టెకు, మేతకు, పోడుకు ఆంక్షలు వచ్చెను. ఆ ఆంక్షలు, రోడ్డు పనుల వెట్టి కలిసి, 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున మన్యము తిరుగబడినది. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరుసగా దాడులు జరిగెను. 1924 మే 7న ఆయనను కాల్చి చంపిరి. ఆయన సమాధి కృష్ణదేవిపేటలోనే, మనకు దాపుననే, ఉన్నది. తుపాకుల కథ మన పిల్లలకు సినిమాల వలన తెలిసినది. ఆ కథ వెనుకనున్న నేల సంగతి అంతగా తెలియలేదు.

ఆ నేల క్రిందివారి చేతికి జారిపోవుచున్నదని దొరతనము వారికి అంతకుముందే తెలిసినది. 1917లోనే ఏజెన్సీ భూముల బదలాయింపును అదుపుచేయు చట్టము చేసిరి. తరువాత 1959 రెగ్యులేషను, దానికి 1970లో సవరణ. అదే మనమందరము వినిన ‘వన్ ఆఫ్ సెవెంటీ’. దాని ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములోని భూమిని గిరిజనేతరునకు బదలాయింపరాదు. గిరిజనేతరుని చేతిలోనున్న భూమి గిరిజనుని నుండి వచ్చినదేనని భావింపబడును. కాదని చూపవలసిన భారము పట్టుకొన్నవానిది. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు వేసెను. అనంతగిరి మండలపు గనుల లీజుల మీద పుట్టిన వ్యాజ్యమది. ఆ ప్రాంతములో ప్రభుత్వము సయితము ప్రైవేటు కంపెనీలకు గనులను లీజుకు ఇయ్యరాదని తీర్పు వచ్చినది.

ఇంతవరకు పైకొండల మాట. ఇక మన దాపుననున్న కొండల మాట చెప్పవలెను.

షెడ్యూల్డు ప్రాంతములను 1950 నాటి ఉత్తరువులో పేర్కొనిరి. ఆ గీత కొండ అంచున ఆగిపోయినది, గిరిజనులు మాత్రము అక్కడ ఆగలేదు. రావికమతం, రోలుగుంట, గొలుగొండ, మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి మండలములలో గీతకు ఇవతల పడిన గిరిజన గ్రామములు ఎన్నో ఉన్నవి. అదే కొండదొర, అదే పంట, అదే పండుగ. చట్టము మాత్రము లేదు. వారి పట్టాభూమిని ఎవరైనను కొనవచ్చును. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు పైకొండలు పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయినవి. ఈ ఊళ్లు మనతోకూడ అనకాపల్లి జిల్లాలో నిలిచినవి. ఐదవ షెడ్యూలులో చేర్చుడని వారు అడుగుచునే యున్నారు.

ఇవతలి కొండవాలున జీడిమామిడి తోటలున్నవి. పూత వచ్చిననాడే అడ్వాన్సు ఇచ్చి పిక్కను ముందు ధరకు కట్టుకొనుట, పెండ్లికో రోగమునకో పైకము ఇచ్చి తోటను ఏండ్ల తరబడి అనుభవించుట, సాగుచేయువాడు ఒకడు కాగా అడంగలులో పేరు వేరొకనిది అగుట, ఇవి కోర్టుపక్షి మాటలు కావు. వ్యాపారము చేయుట పాపమని మేము చెప్పుట లేదు. మన సంఘములోను వర్తకులున్నారు, వారి చందాలతోనే మన గోడలు లేచినవి. కాని నాబోతు కథను ఒకసారి తిన్నగా చదువుడని కోరుచున్నాము. అహాబు మొదట దౌర్జన్యము చేయలేదు. ఇంతకంటె మంచి తోట ఇచ్చెదనన్నాడు, లేనియెడల క్రయధనము ఇచ్చెదనన్నాడు. సంతలో అది న్యాయమైన బేరమే. నాబోతు కాదన్నది ధర చాలక కాదు. అది పితరుల స్వాస్థ్యము. ఆ తరువాతనే ముద్రవేసిన తాకీదులు వ్రాయబడినవి. అక్కడను కాగితమే పని చేసినది.

పైకొండలలో ఇప్పుడు సిల్వరు ఓకు నీడన కాఫీ, దానిమీద మిరియపు తీగ. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. సంతోషమే. అయితే కాఫీ మొక్క ఏండ్ల తరబడి ఒకేచోట నిలుచునది; తిరుగుడు పోడు వలె కాదు. నేల విలువ పెరిగినకొలది కాగితము లేనివానికి భయము పెరుగును.

గీతకు అటునిటు చెల్లు చట్టము ఒకటి ఉన్నది, 2006 నాటి అటవీ హక్కుల చట్టము. 2005 డిసెంబరు 13కు పూర్వము నుండి అటవీభూమిని సాగుచేసికొని బ్రదుకుచున్న గిరిజనునకు, నాలుగు హెక్టారులకు మించకుండ, దానిమీద హక్కు ఇయ్యవలెను. భార్యాభర్తలిద్దరి పేరను పత్రము వ్రాయవలెను. వారసులకు వచ్చును గాని అమ్ముటకు వీలులేదు. దరఖాస్తు గ్రామసభ యొద్ద మొదలగును. సాక్ష్యముగా పాత కాగితములే కానక్కరలేదు. దరఖాస్తుదారుడు కాని ఊరి పెద్ద చెప్పిన మాటను వ్రాసిపెట్టినను సాక్ష్యములలో ఒకటిగా చెల్లును. అనగా “ఊరందరికీ తెలుసు” అన్న మాట కచేరీలో చెల్లు దారి ఒకటి దొరికినది.

మన సంఘములో ఉపాధ్యాయులున్నారు, రెవెన్యూలో పనిచేసి విరమించినవారున్నారు, సర్వే గొలుసు పట్టినవారున్నారు. శతాబ్ది పేర గోపురము కట్టవలెనా, హాలు కట్టవలెనా అను చర్చ ఇంకను తెగలేదు. అది తెగులోపల, నెలకు ఒక శనివారము రావికమతం ప్రక్క కొండ ఊళ్లకు పోయి, అక్కడివారు పిలిచినచోట కూర్చుండి, పెద్దల మాటను వ్రాసిపెట్టి, దరఖాస్తు నకలు వారి చేతిలోనే ఉంచి రాగలవారు ఎవరైన ఉన్నయెడల, ఆరాధన అయిన తరువాత మాతో మాట్లాడుడి. కాగితములు, కార్బను, బస్సు చార్జీలు మేము చూచుకొందుము.