కైసరయ న్యాయపీఠం ఎదుట పౌలు

ఈ సభలో పట్టాలు అందుకుంటున్న స్నాతకులందరూ రేపు ఏదో ఒక అధికారపీఠం ఎదుట జవాబు చెప్పుకోవలసినవారే కాబట్టి, క్రీ.శ. మొదటి శతాబ్దంలో రోమన్ యూదయకు పాలనాకేంద్రమైన కైసరయ రేవుపట్టణంలో పౌలు అనే అపొస్తలుడు, అంటే సువార్త ప్రకటనకు నియుక్తుడైన దూత, చెప్పుకున్న సమాధానం ఇక్కడ పరిశీలించదగినది. ఆ వృత్తాంతం, లూకా రచనగా సంప్రదాయం చెప్పే అపొస్తలుల కార్యముల గ్రంథంలో 24 నుంచి 26 వరకు గల అధ్యాయాల్లో ఉంది.

ప్రధాన యాజకుడు అననీయ వెంట వచ్చిన తెర్తుల్లు అనే వక్త, ముందుగా గవర్నరు ఫేలిక్సును పొగడ్తలతో ముంచెత్తి, ఆపై పౌలు కలహాలు రేపుతున్నాడనీ, నజరేయుల, అంటే యేసు అనుచరుల, మతభేదానికి నాయకుడనీ, దేవాలయాన్ని అపవిత్రం చేయబోయాడనీ ఆరోపించాడు. పౌలు వీటన్నిటినీ ఒకే గాటన కట్టి తోసిపుచ్చలేదు. తాను యెరూషలేముకు వచ్చి పన్నెండు రోజులే అయిందనీ, ఆలయంలో గుంపును రేపగా చూసినవారు లేరనీ, మొదట అల్లరి లేపిన ఆసియా యూదులు, అంటే నేటి టర్కీ పశ్చిమభాగంలోని రోమన్ రాష్ట్రం నుంచి వచ్చినవారు, సాక్ష్యానికే రాలేదనీ ఎత్తిచూపాడు. అయితే ప్రత్యర్థులు మతభేదమంటున్న ఆ మార్గంలోనే పితరుల దేవుణ్ణి సేవిస్తున్నానని మాత్రం ఎవరూ నిలదీయకముందే ఒప్పుకున్నాడు. రుజువు లేని ఆరోపణకు సాక్షులను అడగడం ఏ వకీలుకైనా తెలిసిన విద్యే. తనకు చేటు తేగల నిజాన్ని తానుగా చెప్పడం అరుదు, ఆ వాదానికి బలం అక్కడే ఉంది.

లంచం ఆశించిన ఫేలిక్సు తీర్పు చెప్పకుండానే రెండేళ్లు గడిపాడు. తరువాత వచ్చిన ఫేస్తు విచారణను యెరూషలేముకు మార్చజూడగా, పౌలు రోమన్ పౌరుడిగా తనకున్న హక్కుతో చక్రవర్తికి అప్పీలు చేసుకున్నాడు. దానితో చిక్కు ఫేస్తు మెడకు చుట్టుకుంది: ఖైదీని రోముకు పంపక తప్పదు, నేరమేమిటో రాయడానికేమో ఆధారం లేదు. రెండవ అగ్రిప్ప రాజు, ఆయన సోదరి బెర్నీకే ఆడంబరంగా విచ్చేసిన సభలో పౌలును మళ్లీ నిలబెట్టింది అందుకే.

సంకెళ్లతో నిలిచిన పౌలు, తాను మునుపు క్రైస్తవులను హింసించిన సంగతి దాచకుండా, పునరుత్థానం, అంటే మరణించినవారు తిరిగి లేవడం, గురించి చెబుతుండగా, అతి చదువు వల్ల మతి పోయిందని ఫేస్తు కేక వేశాడు. పట్టభద్రుల సభలో ఈ మాట కాస్త గుచ్చుకోవలసిందే. పౌలు మర్యాద విడవకుండా తన మతి స్థిరంగానే ఉందని చెప్పి, రాజువైపు తిరిగి, ప్రవక్తలను నమ్ముతున్నారా అని ఆయననే అడిగాడు. అగ్రిప్ప సూటిగా బదులివ్వక మాట దాటవేశాడు గాని, సభ ముగిశాక, అప్పీలు చేసుకోకుంటే ఇతన్ని విడిచిపెట్టి ఉండవచ్చని ఫేస్తుతో అన్నాడు. అప్పటికే విషయం చక్రవర్తి పరిధిలోకి వెళ్లినందున పౌలును ఓడలో ఇటలీకి తరలించారు.