గాయకుని రైలుబొమ్మలు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ వేదికపై నేను పరీక్షాఫలితములను గూర్చియు, హాజరును గూర్చియు చెప్పుట మీరెఱిగినదే. ఆ వివరములన్నియు ఈ సంవత్సరము నివేదికలో అచ్చైనవి. కావున నేడు ఒక గాయకుని గూర్చియు, ఆయన రైలుబొమ్మలను గూర్చియు నాలుగు మాటలు విన్నవింతును. పెద్దల సభలో బొమ్మల ప్రసంగమేమని మీరు నవ్వవచ్చును. తుదివఱకు వినిన పిమ్మట నవ్వుడని మనవి.

ఆ గాయకుని పేరు నీల్ యంగ్. కెనడా దేశమందలి టొరంటో నగరమున 1945వ సంవత్సరములో జన్మించెను. 1951లో, ఐదేండ్ల ప్రాయమున, పోలియో వ్యాధికి లోనై కోలుకొనెను. పెరిగి పెద్దవాడై గిటారు చేతబట్టి అమెరికాకు పోయి, 1972లో వెలువడిన 'హార్వెస్ట్' అను పాటల సంపుటితో దేశదేశముల ఖ్యాతి గడించెను. వేలకొలది జనుల యెదుట పాడు ఈ మనుష్యునకు బాల్యమునుండియు రైలుబొమ్మలన్న ప్రాణము. కాలిఫోర్నియాలోని తన వ్యవసాయక్షేత్రములో ఒక కొట్టమును ఇందులకై కేటాయించి, పట్టాలు పఱచి, చెట్టు మొద్దులను కొండలుగా నిలిపి, వాని నడుమ బండ్లను నడుపుచుండెను.

1978లో ఆయనకొక కుమారుడు కలిగెను. ఆ బాలునికి సెరెబ్రల్ పాల్సీ అను వ్యాధి. మెదడునకు కలిగిన లోపమువలన అవయవములు స్వాధీనములో నుండవు. ఆ బిడ్డ మాటలాడలేడు. చేతులను తన యిచ్చ వచ్చినట్లు కదల్పలేడు. తండ్రి నడుపు రైలును చూడగలడు గాని, తాను నడుపుట యెట్లు? ఆ కాలపు రైలుబొమ్మను నడుపవలెనన్న ట్రాన్స్‌ఫార్మరు మీటను మెల్లమెల్లగా త్రిప్పవలెను. ఎక్కువ త్రిప్పినచో బండి మలుపులో పట్టాలు తప్పును, తక్కువైనచో నిలిచిపోవును. వ్రేళ్లు మాట వినని వానికి అది సాధ్యమగు పని కాదు.

'మొక్కై వంగనిది మానై వంగునా' యని మన పెద్దలు చెప్పుదురు. నా గదికి వచ్చిన తల్లిదండ్రులకు నేనును ఈ మాట పలుమాఱులు చెప్పియుంటిని. కాని వంగు శక్తియే లేని మొక్కలును ఉన్నవి. వానిని వంచబోయిన విఱుగును. యంగ్ తన బిడ్డను వంచలేదు, మీటను మార్చెను. పనితెలిసినవారిని కూర్చుకొని, ఒక పెద్ద బొత్తామును నొక్కినంతనే బండి కదలునట్టి పరికరమును సిద్ధము చేయించెను. నాటినుండి ఆ కొట్టములో కుమారుడు కూడ రైలు నడుపువాడయ్యెను.

ఈ యత్నము ఇంటితో ఆగలేదు. అమెరికాలో 1900లో ఆరంభమైన లయొనెల్ అను రైలుబొమ్మల కంపెనీతో యంగ్ కలిసి పనిచేసి, 1995లో దానిలో భాగస్వామి యయ్యెను. బండ్లను దూరమునుండి నడుపు క్రొత్త పద్ధతి రూపొందుటలో ఆయనకు పాలు కలదు. దానిని కొంచెము వివరింతును. పూర్వము పట్టాలలోని విద్యుత్తును హెచ్చించిన, వానిపై నున్న బండ్లన్నియు ఒక్కసారిగా వేగమందుకొనెడివి. క్రొత్త పద్ధతిలో విద్యుత్తు ఎల్లప్పుడు సమముగా నుండును. ఒక్కొక్క ఇంజనుకు ఒక్కొక్క సంఖ్య యుండును. చేతిలోని పరికరము పంపు ఆజ్ఞను ఆ సంఖ్యగల ఇంజను మాత్రమే పాటించును. అందువలన ఒకే పట్టాపై ఒక బండి మెల్లగాను, మఱియొకటి వడిగాను పోవచ్చును. నలువదిమంది పిల్లలకు ఒకే గొంతుతో పాఠము చెప్పు మా ఉపాధ్యాయులు ఈ సంగతిని కొంచెము ఆలోచింపదగును.

ఆయన సంగీతములోను ఈ బిడ్డ జాడ యున్నది. 1982లో వెలువడిన 'ట్రాన్స్' అను సంపుటిలో కొన్ని పాటలయందు ఆయన గొంతు యంత్రముచే మాఱిపోయి, మాటలు సరిగా తెలియరావు. శ్రోతలనేకులు విసిగికొనిరి. మాటలురాని కుమారునితో తాను మాటలాడుటకు పడిన పాట్లే ఆ పాటలకు మూలమని ఆయన పిమ్మట చెప్పెను. 1986లో ఆయన భార్య పెగీ యంగ్ మఱికొందఱితో కలిసి, ఇట్టి పిల్లలకొఱకు కాలిఫోర్నియాలో 'బ్రిడ్జ్ స్కూల్' అను పాఠశాలను నెలకొల్పెను. బ్రిడ్జ్ అనగా వారధి. మాటలు రాని బిడ్డకు తన భావము తెలుపు సాధనములను అలవఱచి, తిరిగి తన యూరి బడికి పంపుట దాని ఆశయము. ఆ పాఠశాలకు ధనము కూర్చుటకు యంగ్ 2016 వఱకు ఇంచుమించు ఏటేట కచేరీలు జరిపించెను.

ఇక నా మాట యొకటి చెప్పవలసియున్నది. ఇరువది యేండ్ల క్రిందట నేను లెక్కలు చెప్పుచుండగా, వెనుక వరుసలో నొక బాలుడు అగ్గిపెట్టెలను దారముతో కూర్చి బల్లపై రైలు నడుపుచుండెను. ఎక్కములు రానివాడు. నేను దానిని లాగికొని బీరువాపై పడవైచితిని. బల్ల మూలను ఆ రైలు పెట్టెలు చెదరక మలుపు తిరుగుట నా కన్నులార చూచితిని. 'ఎట్లు చేసితివిరా?' యని యొక్క మాట అడిగియుండినచో, వానికి లెక్క చెప్పుటకు నాకొక దారి దొరకియుండెడిది. అడుగలేదు. మఱుసటి యేడు వాడు బడి మానెను.

తల్లిదండ్రులారా! ఆటలో మునిగిన బిడ్డ చేతిలోని వస్తువును లాగికొనుటకు ముందు ఆ ప్రశ్న అడుగుడు. మీ బిడ్డకు చేయి అందని మీట యేదైన నున్నచో మాకు వచ్చి చెప్పుడు. దానిని మార్చుటకు మేము మా చేతనైనంత పాటుపడుదుము.