శ్మశానంలో కాపురం

(అనంతపురంలో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా నాన్న పోయినప్పుడు నన్ను వీధి మలుపు దగ్గరే ఆపేశారు. ఆడవాళ్లు శ్మశానానికి రాకూడదన్నారు. సమాజశాస్త్రంలో డాక్టరేట్ ఉన్నదాన్ని, ఎదురు చెప్పలేక అక్కడే నిలబడిపోయాను. కొన్నేళ్ల తర్వాత, పరిశోధన పేరుతో, ఈ జిల్లాలోనే ఒక పట్టణ శ్మశానంలో అడుగుపెట్టాను. సమాధుల మధ్య రేకుల కొట్టం ముందు ఒకామె జొన్నరొట్టెలు కాలుస్తోంది. రెండు సమాధుల మధ్య తాడు కట్టి బట్టలు ఆరేసింది. ఇద్దరు పిల్లల్ని అక్కడే కన్నదట. ఆడవాళ్లు రాకూడదంటారు కదా అన్నాను.

“రాగూడదన్నారు గానీ, ఉండగూడదని ఎవరూ అన్లేదక్కా!”

ఇది మన దగ్గరి సంగతే కాదు. కైరోలోని ఖరాఫా శ్మశానం ఏడో శతాబ్దం నాటిది. వెయ్యేళ్ల కిందట ఖలీఫా అల్ హాకిం ఆడవాళ్లు శ్మశానాలకు పోరాదని శాసించాడు. ఈ కాలంలో అదే శ్మశానంలో వేల కుటుంబాలు సమాధుల ఆవరణల్లో కాపురాలు పెట్టాయి. 2020 నుంచి రోడ్ల కోసం సమాధులు కూలుస్తుంటే వారసత్వ సంపద పోతోందని మేధావులు గొడవ చేశారు. న్యాయమైన గొడవే. కాపురాల మాట మాత్రం నా చెవికి అంత గట్టిగా వినపడలేదు.

కాటికాపరి అంటే మనకు హరిశ్చంద్రుడే. రాజు ఆ పని చేస్తే తెల్లవార్లూ మేలుకొని ఏడ్చాం. తరతరాలుగా చేస్తున్నవాళ్లు నాటకం అయిపోయాక గుర్తుండరు. అందులోనూ ఆడవాళ్లు! ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ మెట్టనేలలో గుంత తవ్వడమంటే గడ్డపారతో రాయిని కొట్టడమే. మట్టి ఎత్తిపోసింది ఆమె, నీళ్లు మోసింది ఆమె. కూలి మొగుడి చేతికి వచ్చేది. అతను పోయాక గుంతలూ ఆమే తవ్వుతోంది. పద్దులో పేరు మాత్రం కొడుకుది.

ఇక ఇంటి సంగతి. దత్త మండలాల్లో రైత్వారీ పద్ధతిని స్థిరపరచిన మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే గుత్తి కోట కింద పూడ్చారు. 1831లో అవశేషాలను మద్రాసుకు తరలించారు. పోయినాయనకు రెండు ఊళ్లలో చోటు దొరికింది. బతికున్న ఈమెకు పట్టా లేదు. శ్మశానం పోరంబోకు గనక అందులో ఇంటిపట్టా ఇవ్వరు. ఆక్రమణలను క్రమబద్ధం చేసినప్పుడు కూడా దాన్ని అభ్యంతరకరమని పక్కన పెడతారు.

2020 డిసెంబరులో మన రాష్ట్రంలో ఇళ్ల పట్టాలు స్త్రీల పేరనే ఇచ్చారు. మంచి పనే. ఈమెకు ఊరికి దూరంగా స్థలం చూపారు.

“స్థలం వద్దని యాడ అంటి? నడిరేత్రి పీనుగొస్తే అంత దూరం నుంచి ఎట్ల వచ్చేది? రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటారు.”

ఇల్లు కావాలంటే పని పోతుంది, పని కావాలంటే ఇల్లు లేదు. శ్మశానం పక్కనే, గోడ బయట, సెంటున్నర అడుగుతోంది ఆమె.

మనమూ తక్కువ తినలేదు. మన సర్వే పత్రంలో ‘వీధి, ఇంటి నంబరు’ అని గడి ఉంది. ఏం రాయాలో తెలియక మన కార్యకర్త దాన్ని ఖాళీగా వదిలేసింది. గడి ఖాళీగా ఉందని ఆ పత్రాన్ని లెక్కలోంచి తీసేశాం. తీసేసింది నేనే. అది ఇవాళ తెచ్చాను. మధ్యాహ్నం కూర్చున్నప్పుడు ముందు దీని సంగతి చూద్దాం.