మూరెడు గుడ్డలో లోకం



ఎవరి పేరున ఈ ధర్మనిధి ఏర్పడిందో ఆ మాస్టారి శిష్యులు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. ఆయన సోషల్ పాఠం ఎలా ఉండేదో వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. బడిపిల్లలకు ప్రపంచాన్ని ఎలా పరిచయం చేయాలన్న విషయాన్ని నిర్వాహకులే ఇచ్చారు. గంటలో తెమిలేది కాదది. అందుకని నేను దాన్ని నూలు గుడ్డ దాకా కుదించుకుంటున్నాను.

మన బళ్లలోకి ప్రపంచం రెండు వేషాల్లో వస్తుంది. ఒకటి జనరల్ నాలెడ్జి: దేశం, రాజధాని, కరెన్సీ, జెండా. రెండోది వార్షికోత్సవం: ఒక పాపకు కిమోనో చుడతారు, ఒక బాబుకు మెక్సికో టోపీ పెడతారు, తల్లిదండ్రులు ఫోటోలు తీసుకుంటారు. వీటిని నేను తప్పు పట్టను. పిల్లలకు జెండాలంటే సరదా, వేషాలంటే మరీ సరదా. చిక్కల్లా ఏమిటంటే, ఈ జపాన్‌లో ఎవరూ ఎవరితోనూ పోట్లాడుకోరు. ఈ మెక్సికోలో ఎవరికీ అప్పు ఉండదు. మనుషులుండేది మన ఊళ్లోనే, బయటి దేశాల్లో ఉండేవి బొమ్మలే అన్న సంగతి పిల్లవాడి బుర్రలోకి చప్పుడు లేకుండా దిగిపోతుంది.

ఇక ప్రపంచ సమస్యలకు చార్టు పోటీ ఉంది. కరుగుతున్న మంచు, బీటలువారిన నేల, అడుగున ఒక నినాదం. ఆరో తరగతి పిల్ల ఆ చార్టు ముందు కూర్చుని దిగులుపడాలి, లేదా రంగులు బాగా వేసి బహుమతి కొట్టేయాలి. మన అదృష్టం కొద్దీ ఎక్కువగా జరిగేది రెండోదే.

కాగితాలకు లోటేమీ లేదు. అంతర్జాతీయ అవగాహన కోసం విద్య ఎలా ఉండాలో యునెస్కో 1974లోనే సిఫారసు చేసింది, దాన్ని 2023లో తిరగరాసింది. మన 2020 జాతీయ విద్యా విధానంలోనూ ప్రపంచ పౌరసత్వ విద్య ప్రస్తావన ఉంది. సోమవారం మూడో పీరియడ్‌లో టీచరు ఏం చెప్పాలన్న దగ్గరే అందరూ ఆగిపోతున్నారు.

నా సలహా ఇది. దేశాల్ని వరసబెట్టి చెప్పకండి. ఒక వస్తువును పట్టుకుని దాని వెంట నడవండి. దాని రెండు కొసల్లోనూ ఉన్న మనుషుల్ని చూపించండి. ఒక కొసన ఉన్న బీదవాడికి రెండో కొసన ఉన్న బీదవాడు కనపడడు. చాలాసార్లు శత్రువులా కనపడతాడు. ఆ రెండోవాడిని కనపడేలా చేయడమే ఈ చదువులో టీచరు చేయాల్సిన పని.

మచిలీపట్నంతో మొదలుపెడదాం. పెడన కలంకారీ దుప్పటి మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. పదిహేడో శతాబ్దంలో ఈ తీరం అద్దకాల కోసం డచ్చివాళ్లు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. ఎందుకు అంత మోజు? గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టి, పటిక అద్ది, చిరివేరుతో ఉడికిస్తే వచ్చే ఎరుపు ఎన్ని ఉతుకులకైనా పోదు. నూలు మీద అలాంటి రంగు నిలబెట్టడం అప్పటికి యూరప్‌కు చేతకాలేదు. కరక్కాయ, పటిక ఊళ్లో దొరికేవే. టీచరు ఈ భాగాన్ని బల్ల మీద చేసి చూపించవచ్చు. సైన్సు మాస్టారిని కూడా పిలవండి, ఆయనకూ ఒక పీరియడ్ కలిసొస్తుంది.

ఇప్పుడు రెండో కొసకు వెళదాం. 1686లో ఫ్రాన్సు అద్దకపు నూలు గుడ్డల్ని నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా సాగింది. ఇంగ్లండు 1700లో దిగుమతికి అడ్డుకట్ట వేసింది. అది చాలక 1721లో అలాంటి గుడ్డ కట్టుకోవడమే నేరం చేసింది. ఈ రెండు చట్టాల మధ్య, 1719లో, లండన్ నేతగాళ్లు వీధుల్లోకి వచ్చి అద్దకపు గౌన్లు వేసుకున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చింపేశారు.

ఇక్కడ పాఠం ఆపి పిల్లల్ని అడగాలి. తప్పెవరిది? మొదట అందరూ మనవైపే ఉంటారు, అది సహజం. అప్పుడు లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ అనే పేట గురించి చెప్పండి. పట్టు నేసేవాళ్ల పేట అది. ఇంట్లోనే మగ్గం, దాని చుట్టూ సంసారం, బేరం లేక ఆగిన మగ్గం. సిరిసిల్ల పిల్లలకు గానీ మంగళగిరి పిల్లలకు గానీ ఇంతకంటే వివరించనక్కర్లేదు. బట్టలు చింపడం దుర్మార్గమే. ఆ నేతగాడి ఇంట్లో పొయ్యి వెలగలేదన్నదీ నిజమే. మచిలీపట్నం అద్దకపువాడు అతనికి ఏ కీడూ తలపెట్టలేదు, అలాంటివాడొకడు ఉన్నాడనే ఎరగడు. ఇద్దరికీ నడుమ నెలల తరబడి ఓడ ప్రయాణం, ఆ ఓడ యజమానులకు లాభం. 1700 చట్టం తర్వాత కూడా ఈస్టిండియా కంపెనీ ఆ సరుకును లండన్ గిడ్డంగుల్లో దించి ఇతర దేశాలకు ఎగుమతి చేసుకోవచ్చు. చట్టం కట్టడి చేసింది ఇంగ్లండులో వాడకాన్నే, బయటి దేశాల అమ్మకాన్ని కాదు.

ఆ ఎగుమతి ఎక్కడికి వెళ్లిందన్నది పెద్ద తరగతుల పిల్లలకు చెప్పాల్సిన సంగతి. కొంత పశ్చిమ ఆఫ్రికా తీరానికి వెళ్లింది. అక్కడ మనుషుల్ని కొనడానికి ఇచ్చిన సరుకుల్లో భారతదేశపు నూలు గుడ్డలు ముఖ్యమైనవి. అలా కొన్న మనుషుల సంతతే తర్వాత అమెరికా పత్తిచేలల్లో వెట్టిచాకిరీ చేసింది. మన చేతిపని గొప్పదనాన్ని మాత్రమే చెప్పి ఇది దాచిపెడితే పాఠం సగం అబద్ధమవుతుంది. మన అద్దకపువాడికి ఇందులో పాపం లేదు. కానీ అతని చెయ్యి తగిలిన గుడ్డ అక్కడిదాకా వెళ్లింది.

ఆ అమెరికా పత్తి మీదే మాంచెస్టర్ మిల్లులు నడిచాయి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి పత్తి ఆగిపోయింది. లాంకషైర్‌లో మిల్లులు మూతబడ్డాయి, కూలీలు గంజికేంద్రాల పాలయ్యారు. వాళ్లకు సులువైన దారి ఒకటుంది: దక్షిణాది బానిస యజమానుల పక్షాన నిలబడి, ఉత్తరాది ఓడల దిగ్బంధం తొలగించమని తమ ప్రభుత్వం మీద ఒత్తిడి తేవడం. కొందరు అదే కోరారు కూడా. కానీ 1862 డిసెంబరు 31న మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో కూడిన కార్మికులు లింకన్ పక్షాన తీర్మానం చేశారు. మూడు వారాలైనా కాకముందే, 1863 జనవరి 19న, లింకన్ వాళ్లకు జవాబు రాశాడు. తాము ఎన్నడూ చూడని బానిస కూడా తమలాంటి మనిషేనని ఆ రోజు వాళ్లు అనుకున్నారు, అదీ పస్తులుండి. ప్రపంచ చరిత్రలో ఒకే ఒక్క గంట చెప్పే అవకాశం ఇస్తే నేను ఈ ఘట్టమే చెబుతాను. మన పిల్లలు లింకన్ పేరు చదువుతారు, ఆ కార్మికుల సంగతి వినరు.

విదేశీ వస్త్ర దహనం బొమ్మ మన పుస్తకాల్లో ఉంటుంది. ఆ మంట వేడి ఎంత దూరం తగిలిందో ఉండదు. 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లిన గాంధీ సెప్టెంబరు చివర్లో లాంకషైర్‌లోని డార్వెన్‌కు వెళ్లాడు. మన బహిష్కరణ వల్ల కూడా పని పోగొట్టుకున్న ఊళ్లవి. వాళ్ల కష్టాన్ని ఆయన తేలిక చేయలేదు. అయితే భారతదేశపు పల్లెల లేమి అంతకంటే పెద్దదనీ, ఖద్దరును వదలలేననీ వాళ్ల ముందే చెప్పాడు. మిల్లు ఆడకూలీలు ఆయన చుట్టూ చేరి చేతులెత్తి నవ్వుతున్న ఫోటో ప్రసిద్ధం. ఆ ఫోటోను తరగతిలో పెట్టి, వీళ్లెందుకు నవ్వుతున్నారని అడిగి ఊరుకోండి. జవాబు మీరు చెప్పకండి. ముగింపు వాక్యం టీచరు నాలుక మీద ఊరుతూనే ఉంటుంది, మింగేయాలి. అదే వారం పొందూరు ఖద్దరు కూడా చూపించండి. అక్కడ వాలుగ చేప దవడతో దూదిని శుభ్రం చేస్తారని చెబితే పిల్లలు లేచి నిలబడతారు.

మన కాలానికి వద్దాం. 1960లో ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు అరల్ సముద్రం. దానిలోకి వచ్చే రెండు నదుల్ని సోవియట్ ప్రభుత్వం పత్తిచేలకు మళ్లించింది. నీళ్లు వెనక్కి పోయాయి, ఉజ్బెకిస్థాన్‌లోని మొయ్నాక్ రేవులో చేపల పడవలు ఇసుకలో నిలిచిపోయాయి. ఉత్తరం వైపున కజకిస్థాన్ 2005లో కోకరాల్ ఆనకట్ట పూర్తిచేశాక అక్కడ నీళ్లూ చేపలూ కొంత తిరిగి వచ్చాయి. ఆ చివరి వాక్యాన్ని వదిలేయవద్దు. పిల్లలకు నాశనం మాత్రమే చెప్పి ఇంటికి పంపించే హక్కు మనకు లేదు.

అదే ఉజ్బెకిస్థాన్‌లో దశాబ్దాల పాటు శరదృతువు రాగానే బడిపిల్లల్నీ టీచర్లనీ పత్తి ఏరడానికి తోలేవారు. బయటి కొనుగోలుదార్ల బహిష్కరణ, లోపలి ఉద్యమకారుల సాహసం, సంస్కరణలు కలిసి అది ఆగింది. 2022లో బహిష్కరణ ఎత్తేశారు. ఇది విని అయ్యో పాపం అనే ముందు కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు సీడు పత్తి చేలు గుర్తుచేసుకోవాలి. అక్కడ క్రాసింగు పనికి ఆడపిల్లల్ని పెట్టేవారు. వేళ్లు సన్నగా ఉంటాయన్నది పైకి చెప్పే కారణం, కూలి తక్కువన్నది చెప్పని కారణం. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికురాలేనన్న పట్టుదలతో ఎం.వి. ఫౌండేషన్ పనిచేసింది. దాన్ని నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. ఉజ్బెక్ పత్తిచేల కథ కర్నూలు పిల్లకు వింత కాదు.

ఇక చొక్కా కుట్టే చోటికి వద్దాం. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో రానా ప్లాజా అనే భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలకు పగుళ్లు వచ్చాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకూ దుకాణాలూ మూసేశారు, పై అంతస్తుల్లోని కుట్టుపనివాళ్లను మాత్రం మర్నాడు లోపలికి పంపారు. బ్యాంకువాళ్లు ఎందుకు రాలేదు, వీళ్లు ఎందుకు వచ్చారు? తొమ్మిదో తరగతికి ఈ ఒక్క ప్రశ్న చాలు. నెల తిరక్కముందే సంతకాలు మొదలైన ఫ్యాక్టరీ భద్రతా ఒప్పందం సంగతి తర్వాతి పీరియడ్‌లో చెప్పవచ్చు.

ఊరి చెరువే తెలియని పిల్లలకు ఉజ్బెక్ సరస్సు ఎందుకని అడిగేవాళ్లున్నారు. జగిత్యాలలో, రాజంపేటలో అమ్మో నాన్నో గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ఎంతమందో లెక్క వేసుకుని అప్పుడు అడగండి. ప్రపంచం ఆ ఇళ్లలోకి నెలనెలా డబ్బుగా వస్తూనే ఉంది, బడిలోకే రాలేదు. సిలబస్ పూర్తికాదనేవాళ్ల మాటకు మాత్రం నా దగ్గర పూర్తి సమాధానం లేదు. పరీక్ష మారకుండా పాఠం మారదు. కనీసం యూనిట్ టెస్టులో ఒక ప్రశ్న మార్చండి: 1721లో లండన్ నేతగాడిగా పార్లమెంటుకు అర్జీ రాయండి, ఆ అర్జీకి మచిలీపట్నం అద్దకపువాడిగా జవాబు రాయండి. రెండూ ఒకే పిల్లవాడు రాయాలి, మార్కులు రెండింటికీ సమానం.

చివరిగా ధర్మనిధి నిర్వాహకులకు ఒక విన్నపం. ఏటా బళ్లకు ప్రపంచ పటాలు పంచుతున్నారు, సంతోషం. ఈ ఏడు వాటికి బదులు ఒక చెక్కపెట్టె చేయించండి. అందులో ఒక పత్తికాయ, మూరెడు పొందూరు ఖద్దరు, పెడన అద్దకం, మిల్లు గుడ్డ, రెడీమేడ్ చొక్కా ఒకటి, డార్వెన్ ఫోటో ప్రతి ఒకటి పెట్టి మండలంలోని హైస్కూళ్లకు నెలకొకటి చొప్పున తిప్పండి. మొదటి పెట్టెకు అయ్యే ఖర్చు నేనిస్తాను. రెండో పెట్టె సంగతి మాస్టారి శిష్యులు చూసుకోవాలి.