పెద్ద తెర, చిన్న అంకె
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పూట పంచాంగ ఫలాలను గురించి చెప్పవలసిన చోట లాప్‌టాప్ తెరను గురించి మాట్లాడుతున్నందుకు మన్నించండి. మా ఊరు రాయచెర్లు. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో ఉన్నది. ఆఫీసు కాగితం కన్నడం, ఇంట్లో మాట తెలుగు. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, మా ఊరు, ఈ ఐదు గ్రామాల్లో దాదాపు 13,000 ఎకరాల మెట్ట భూమిని రైతులవద్ద కౌలుకు తీసికొని 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్తు పార్కు కట్టినారు. మొదటి దశ 2018 మార్చిలో ప్రారంభమైనది. కౌలు మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. వానలు లేని సీమలో అది చిన్న మాట కాదు. ఆ డబ్బు ఏ సర్వే నంబరుకు పోతుందో ఆ నంబరు మీదనే ఇంటిల్లిపాది కళ్ళు.

ఆ రోజుల్లో నేనొక డిజైన్ ఆఫీసులో నక్షాలు గీసేవాణ్ణి. నాకిచ్చినది పదిహేడంగుళాల పైచిలుకు తెర గల వర్క్‌స్టేషన్ లాప్‌టాప్. ఒకసారి ఊరికి తెచ్చి, అరుగు మీద పెట్టి, మా చిన్నాయనకు ఆయన చేను గర్వంగా చూపించినాను. ఆయన ఎంతోసేపు చూసి, “ఒరే అబ్బోడా, మా బావిని పూడ్చినావేందిరా? ఇది మన చేను కాదు” అన్నాడు. కాగితం తెచ్చి చూస్తే ఆయన మాటే నిజం. నంబరులో మూడును ఎనిమిదిగా చదివి, పక్కవారి చేనికి రంగు వేసినాను. ఇంకా పైకి పంపలేదు గనుక సరిపోయింది.

తప్పు నాదే. కాని అది జరిగిన విధం చెప్పవలె. తెర అంటే చుక్కల ముగ్గు. వాకిలి ఎంత పెద్దదైనా చుక్కలు తక్కువైతే ముగ్గు మోటుగానే వస్తుంది. నా తెరకు అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు. నక్షా కాగితం ఎత్తు 594 మిల్లీమీటర్లు. దానిని పూర్తిగా తెరలో ఇమిడిస్తే, రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తు అంకెకు దక్కేది నాలుగున్నర చుక్కలు. మూడుకూ ఎనిమిదికీ భేదం తెలియడానికి కనీసం ఐదు వరసలైనా కావలె! దగ్గరకు లాగి చూడరాదా అని మీరడుగవచ్చు. లాగవచ్చు. అప్పుడు అంకె కనబడుతుంది, ఇరుగుపొరుగు చేలు తెర దాటిపోతవి. హద్దు తెలిసేది ఇరుగుపొరుగు వల్లనే గదా.

విచిత్రమేమంటే, అంతకు ముందు వచ్చిన పదిహేడంగుళాల యంత్రాలకు నిలువుగా 1,200 చుక్కలుండేవి. అదే అంకెకు ఐదు చుక్కలు దక్కేవి. 2008 చివర లెనోవో వారు డబ్ల్యు 700 డి.ఎస్. అని ఒకటి ప్రకటించినారు. పెద్ద తెర పక్కనుంచి సొరుగులాగా ఇంకొక చిన్న తెర వెలికి వస్తుంది. బరువు ఐదు కిలోల దరిదాపు. సంతకు మోసికొని పోయే వస్తువు కాదు గాని, పనివాడి అవసరం ఎరిగి చేసినది. తరువాత 2010 ప్రాంతంలో పలకలు చాలావరకు టెలివిజన్ కొలతకు మారినవి. పలకలను ఒకే కొలతకు కోయడం ఫ్యాక్టరీలకు లాభం. సినిమా చూసేవారికి నష్టం లేదు. నక్షా చూసేవారికి, ఉత్తరం రాసేవారికి మాత్రం 120 వరసలు పోయినవి. మన తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు. ఎత్తు తగ్గితే మొదట నలిగేది మనమే.

ఇప్పుడు 3,840 చుక్కల తెరలు వచ్చినవి. నిలువుగా 2,160. అదే అంకెకు తొమ్మిది చుక్కలు. పాత పొడుగు కొలత కూడ మళ్ళీ వచ్చింది. 2020లో డెల్ వారి ప్రెసిషన్ 5750లో నిలువుకు 2,400 చుక్కల తెర దొరికింది. అయితే చుక్కలు పెరిగితే బాటరీ త్వరగా అయిపోతుంది. అక్షరాలు చీమలంత అవుతవి గనుక రెండింతలు పెంచుకొనవలె. సరిగ్గా రెండింతలైతే గీతలు శుభ్రంగా వస్తవి. ఒకటింబావు, ఒకటిన్నర అంటే కొన్ని పాత ప్రోగ్రాములు మసక బారుస్తవి. పెద్ద యంత్రాల్లో కుడివైపు అంకెల మీటలు వేరుగా ఉంటవి. సర్వే లెక్కలవారికి అది వరం, కథ రాసేవారికి మెడనొప్పి.

మా సీమ ఎండకు ఇంకొక మాట. అద్దంలా మెరిసే తెర కొంటే అందులో మీ ముఖమే కనబడుతుంది. మెరుపు లేని తెరే మేలు.

నిరుడు చిన్నాయనకు కొత్త తెర మీద అదే నక్షా చూపినాను. కళ్ళద్దాలు తుడుచుకొని, నంబరు తానే చదివినాడు. బావి గుర్తు మీద వేలు కూడ పెట్టినాడు.

కొనదలచినవారు దుకాణానికి పోయేటప్పుడు మీరు రోజూ చేసే పని ఒకటి వెంట తీసికొని పోయి, ఆ తెర మీద తెరిపించి చూడండి. వాళ్ళు చూపే పూలతోటలూ సముద్రాలూ ఏ తెర మీదనైనా బాగానే ఉంటవి.